యాజ్ఞసేని అడిగిన ప్రశ్న

తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్నారు మన పెద్దలు. అంత ప్రీతిగా భారతం విన్నవాళ్ళం, అందులోని ఒక స్త్రీని గురించి ఏం విన్నాం, ఏం గుర్తుపెట్టుకున్నాం అని ఆలోచిస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. సీత పుట్టుక లంకకు చేటు అన్నట్టే ద్రౌపది నవ్వు కౌరవులకు చేటు అని తీర్పు చెప్పేశాం. ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషీ అదే అంటాడు, మన క్యాంటీనులో టీ తాగుతూ వాదించుకునే మిత్రుడూ అదే అంటాడు. మయసభలో ఆమె నవ్వి ఉండకపోతే దుర్యోధనుడికి అంత పగ పుట్టేది కాదట, జూదం జరిగేది కాదట, పద్ధెనిమిది అక్షౌహిణుల సైన్యం కురుక్షేత్రంలో నేలకూలేది కాదట. ఒక ఆడదాని నవ్వుకు ఇంత ఖరీదు కట్టడం న్యాయమేనా?

ఎం.ఏ. తెలుగులో నన్నయనూ తిక్కననూ పాఠంగా చదివాను. ఆ కుతూహలంతోనే లైబ్రరీలో సంస్కృత భారతం కూడా ముందేసుకుని, మా మేష్టారి సాయంతో కూడబలుక్కుంటూ చదువుతూ వచ్చాను. పుణేలోని భండార్కర్ సంస్థ పండితులు 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన పరిష్కృత ప్రతి అది. వెయ్యికి పైగా తాళపత్ర, కాగితపు ప్రతులను పోల్చి, ఏది ప్రాచీనం, ఏది తర్వాత చేరింది అని వాళ్ళు తేల్చారు. ఆ పుటల్లో నాకు కనబడిన ద్రౌపది వేరు, మనం నిందించే ద్రౌపది వేరు. అందుకే ఈ సావనీరుకు ఏదైనా రాయమన్నప్పుడు ఆమె జీవితకథనే ఎంచుకున్నాను.

ఆమె పుట్టుకే ఒక పగలోంచి వచ్చింది. కాని అది కురువంశపు పగ కాదు. ద్రుపదుడూ ద్రోణుడూ చిన్నతనంలో ఒకేచోట చదువుకున్న స్నేహితులు. ఒకడు పాంచాల దేశానికి రాజయ్యాడు, రెండోవాడు పేద బ్రాహ్మణుడుగానే మిగిలాడు. పాత స్నేహం తలచుకుని వచ్చిన ద్రోణుణ్ణి, రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు తీసిపారేశాడు. ఆ మాట ద్రోణుడి గుండెలో ముల్లై దిగింది. హస్తినాపురం చేరి, కురుకుమారులకు విలువిద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తెమ్మన్నాడు. అర్జునుడు తెచ్చాడు. దానితో పాంచాలం రెండు ముక్కలైంది. గంగకు ఉత్తరాన అహిచ్ఛత్రం ద్రోణుడి పాలైంది. దక్షిణాన కాంపిల్యం ద్రుపదుడికి మిగిలింది. ఇవి వట్టి కావ్యంలోని పేర్లనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో ఫరూకాబాద్ జిల్లాలో కంపిల్ ఉంది, బరేలీ జిల్లాలో అహిచ్ఛత్రం శిథిలాలున్నాయి. మీరట్ జిల్లాలోని హస్తినాపురంలో 1950-52 మధ్య బి.బి.లాల్ తవ్వకాలు జరిపాడు. అక్కడ దొరికిన కుండపెంకులు భారతకథ జరిగిందనీ చెప్పవు, జరగలేదనీ చెప్పవు. ఊళ్ళు మాత్రం ఉన్నాయి.

అవమానంతో కుమిలిపోయిన ద్రుపదుడు యాజుడు, ఉపయాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణులను ఆశ్రయించి, ద్రోణుణ్ణి చంపగల కొడుకు కావాలని యజ్ఞం చేయించాడు. అగ్నిలోంచి ధృష్టద్యుమ్నుడు కవచంతో, కత్తితో లేచి వచ్చాడు. ఆ తర్వాత యజ్ఞవేది నడుమనుంచి ఒక నల్లని పిల్ల లేచింది. ఈ చిన్న సంగతి గమనించండి. తండ్రి కోరింది కొడుకునే. ఆ పిల్లను అడిగినవారెవరూ లేరు. అడగకుండా వచ్చిన ఆ పిల్ల వల్ల క్షత్రియులు నశిస్తారని పుట్టిన క్షణానే ఆకాశవాణి పలికింది. పసిబిడ్డ చేతిలో ఎవరైనా బొమ్మ పెడతారు, ఈమె చేతిలో నేరం పెట్టారు! మేనిఛాయను బట్టి కృష్ణ అన్నారు, తండ్రిని బట్టి ద్రౌపది, దేశాన్ని బట్టి పాంచాలి, యజ్ఞసేనుడనే ద్రుపదుడి మరో పేరును బట్టి యాజ్ఞసేని.

ఆమె చదువు సంగతి ఎక్కువమందికి తెలియదు. అరణ్యవాసంలో ఒకచోట ధర్మరాజుతో తనే చెప్పుకుంటుంది. పుట్టింట్లో ఒక పండితుడు ఉండేవాడట. బృహస్పతి చెప్పిన రాజనీతిని అన్నదమ్ములకు బోధిస్తుంటే, ఏదో పనిమీద వచ్చినదానిలా వచ్చి, తండ్రి ఒడిలో కూర్చుని ఆమె వినేదట. మగపిల్లలకు పాఠం, ఆడపిల్లకు ఆ పాఠంలోంచి చెవిన పడిందే చదువు. కాని ఆ చెవిన పడిన చదువే తర్వాత ఒకనాడు భీష్మద్రోణుల నోళ్ళు మూయించింది.

స్వయంవరం కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. లక్క ఇంటినుంచి తప్పించుకుని బ్రాహ్మణ వేషాల్లో తిరుగుతున్న పాండవులు అక్కడికి వచ్చారు, అర్జునుడు లక్ష్యాన్ని కొట్టాడు. సూతపుత్రుణ్ణి నేను వరించనని ఆమె కర్ణుణ్ణి నిండుసభలో అవమానించిందని మనం నాటకాల్లో, సినిమాల్లో చూస్తాం. కర్ణుడి మీద జాలితో ఆమె మీద కోపం కూడా తెచ్చుకుంటాం. పుణే పండితులు పరిష్కరించిన పాఠంలో ఆ మాట లేదు. కొన్ని ప్రతుల్లో తర్వాత చేరినదిగా తేల్చి దాన్ని అడుగున అధోజ్ఞాపికల్లో పెట్టారు. నిందలో మొదటి రాయి ఇక్కడే కదిలిపోతుంది.

ఐదుగురితో పెళ్ళి మాటకొస్తే, కుమ్మరివాని ఇంట్లో కుంతి చూడకుండా అన్న మాట దానికి మూలం. ద్రుపదుడు ఒప్పుకోలేదు, ధృష్టద్యుమ్నుడు ఒప్పుకోలేదు. ధర్మరాజు జటిల అనే స్త్రీ ఏడుగురు ఋషులను పెళ్ళాడిన కథను ఉదాహరణగా చూపాడు. వ్యాసుడు వచ్చి పూర్వజన్మ కథలు చెప్పాడు. ఇంతమంది ఇంతసేపు మాట్లాడారు. పెళ్ళికూతురిని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆమె ఆనాడు ఏం తలచిందో వ్యాసుడు సైతం చెప్పడు.

ఆ పెళ్ళితో దాయాదుల పోరు స్వరూపమే మారిపోయింది. అంతకుముందు పాండవులు ఇల్లు కాలిపోయి, తిరిపెమెత్తుకు తినే అనాథలు. పెళ్ళి మర్నాటినుంచి పాంచాల సైన్యం వారి వెనక ఉంది. హస్తినాపురంలో వెంటనే మంతనాలు మొదలయ్యాయి. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెడదామా, ద్రౌపది మనసు వారిపై విరిచేద్దామా అని దుర్యోధనుడు ఆలోచనలు చెప్పాడు. అవేవీ సాగవు, ఏమీ లేనివాళ్ళుగా ఉన్నప్పుడే ఆమె వారిని వరించింది, ఇప్పుడు ఎలా విరుగుతుంది, వెంటనే యుద్ధానికి పోదాం అన్నాడు కర్ణుడు. చివరకు భీష్మద్రోణవిదురుల మాటమీద ధృతరాష్ట్రుడు సగం రాజ్యం ఇచ్చి ఖాండవప్రస్థానికి పంపాడు. అంటే పాండవులకు దక్కిన అర్ధరాజ్యం సగం ఆమె కాపురానికి వచ్చిన ఫలితమే. ఈ లెక్క మాత్రం ఎవరూ వేయరు. పోయినదానికే ఆమె పద్దు చూస్తారు.

ఇంద్రప్రస్థంలో ఆమె అంతఃపురంలో అద్దం ముందు కూర్చున్న రాణి కాదు. ఆ వివరాలను ఆమె తర్వాత సత్యభామకు చెబుతుంది. వేలమంది పరిచారికల పేర్లు, ఎవరు ఏం తిన్నారు, ఏం తొడుక్కున్నారు అన్నది ఆమెకు తెలుసు. గోవుల కాపరుల దాకా ఎవరు ఏ పని చేస్తున్నారో తెలుసు. ఖజానా ఆదాయవ్యయాలు ఆమె ఒక్కదాని చేతిలో ఉండేవి. అందరికన్నా ముందు లేచి, అందరి తర్వాత పడుకునేది. భర్తలను వశం చేసుకునే మందుమాకులేమిటని సత్యభామ అడిగితే ఇదీ ఆమె ఇచ్చిన జవాబు. ప్రతివింధ్యుడు, శ్రుతసోముడు, శ్రుతకర్మ, శతానీకుడు, శ్రుతసేనుడు అని ఐదుగురు కొడుకులు పుట్టారు.

ఇక మయసభ. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్.టి.రామారావు దుర్యోధనుడై మయసభలో పలికిన కొండవీటి వేంకటకవి సంభాషణలు మనలో ఎంతమందికి కంఠతా వచ్చో లెక్కలేదు. కాలేజీ డే నాడు స్టేజి ఎక్కి అవి అప్పజెప్పని ఏడాది ఉండదు. నేనూ చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఉన్నాను, ఆ సినిమా అంత బాగుంటుంది మరి. కాని గ్రంథం తిప్పి చూడండి. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీళ్ళనుకుని బట్ట ఎత్తి పట్టుకున్నాడు, నీళ్ళను నేలనుకుని పడ్డాడు. నవ్విందెవరు? కథ చెబుతున్న వైశంపాయనుడు పేర్లు చెప్పాడు. భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు, పనివాళ్ళు. ఆ జాబితాలో ద్రౌపది లేదు. ఆమె పేరు ఎప్పుడొస్తుంది? దుర్యోధనుడు ఇంటికి పోయి, జూదానికి తండ్రిని ఒప్పించడానికి గోడు వెళ్ళబోసుకునేటప్పుడు వస్తుంది. స్త్రీలతో కలిసి ద్రౌపది కూడా నవ్విందని చెబుతాడు. కృష్ణుడు నవ్వాడని కూడా చెబుతాడు. ఫిర్యాదుదారుడి మాట ఒక్కటే సాక్ష్యం! ఇంక గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అని ఆమె అన్నదన్న మాటా ఉంది. 1988లో మొదలైన హిందీ టీవీ మహాభారతం ఇంటింటికీ చేర్చిన మాట అది. వ్యాసుడి గ్రంథంలో అలాంటి మాట ఎక్కడా లేదు. ఆమె నవ్వే ఉందనుకుందాం. నలుగురు మగవాళ్ళు నవ్విన నవ్వు వినోదమూ, ఆమె నవ్విన నవ్వు కులక్షయమూ ఎలా అయ్యాయో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

అసలు విషబీజం రాజసూయంలో పడింది. నలుదిక్కుల రాజులు తెచ్చిన కానుకలు అందుకునే పనికి ధర్మరాజు దుర్యోధనుణ్ణే పెట్టాడు. అందుకుని అందుకుని అతని చేతులు అలిసిపోయాయి, కళ్ళు మాత్రం కుట్టాయి. ఆ అసూయకు శకుని పాచికలు తోడయ్యాయి.

జూదంలో ధర్మరాజు ఒడ్డిన వరుస ముఖ్యం, ఎందుకంటే తర్వాత వచ్చే వాదమంతా ఆ వరుస మీదే నిలబడింది. ధనం, సేనలు, రాజ్యం పోయాయి. నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు పోయారు. తనను తాను ఒడ్డి ఓడాడు. అప్పుడు శకుని, నీకింకా ద్రౌపది ఉంది కదా అని గుర్తుచేశాడు. ఒడ్డాడు, ఓడాడు. సభలో ముసలివాళ్ళు ఛీ ఛీ అన్నారు. ధృతరాష్ట్రుడు మాత్రం గెలిచామా, గెలిచామా అని సంబరంగా అడిగాడు.

ఆమెను తీసుకురమ్మని దుర్యోధనుడు ప్రాతికామి అనే సేవకుణ్ణి పంపాడు. వచ్చి సంగతి చెప్పిన ఆ మనిషి ముందు ఆమె ఏడవలేదు, శపించలేదు. వెనక్కి వెళ్ళి ఆ జూదరిని ఒక్కమాట అడిగి రమ్మంది. ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని. ఇదీ ఆ ప్రశ్న. తనను తాను ఓడిపోయినవాడు దాసుడు. దాసుడికి సొంత ఆస్తి లేదు. లేని హక్కుతో ఒడ్డిన పందెం చెల్లుతుందా? ఇవాళ మన లా విద్యార్థులు ఆస్తి బదిలీ చట్టం క్రింద మొదట నేర్చుకునే సూత్రమే, తనకు లేని హక్కును ఎవడూ మరొకడికి ఇవ్వలేడన్నది. తండ్రి ఒడిలో కూర్చుని విన్న చదువు ఆపదవేళ అక్కరకొచ్చింది.

ప్రాతికామి సభకు వచ్చి అడిగాడు. ధర్మరాజు ప్రాణం లేనివాడిలా కూర్చున్నాడు, అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆమెనే వచ్చి అడగమను అన్నాడు దుర్యోధనుడు. ఆమె మళ్ళీ కబురంపింది. సభలోని పెద్దలు ధర్మం ఏమంటే అదే చేస్తానంది. పెద్దలు తలలు వంచుకున్నారు. దుశ్శాసనుడు వెళ్ళాడు. ఆమె ఏకవస్త్రగా, రజస్వలగా ఉంది. గాంధారీ మొదలైన స్త్రీలున్న వైపు పరుగెత్తింది. రాజసూయంలో మంత్రజలంతో తడిసిన ఆ జుట్టు పట్టుకుని అతడు సభకు ఈడ్చాడు. ఆ స్థితిలో కూడా ఆమె ఆ ప్రశ్ననే మళ్ళీ వేసింది.

జవాబులు చూడండి. భీష్ముడు, ధర్మం సూక్ష్మమైనది, ధనం లేనివాడు ఇతరుల ధనాన్ని ఒడ్డలేడు, అయితే భార్య భర్తకు లోబడినదే, కనుక తేల్చలేనన్నాడు. ద్రోణుడు, కృపుడు నోరు విప్పలేదు. విదురుడు మొదటినుంచీ ఆమె దాసి కాలేదనే అన్నాడు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పని సభ్యుడికి పాపం అంటుతుందని ప్రహ్లాదుడి కథ కూడా చెప్పాడు. సభ కదల్లేదు. కదిలినవాడు ఒక్కడు, కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు. చిన్నవాడు. లేచి నిలబడి, వ్యసనంలో పడినవాడు చేసిన పని లెక్కకు రాదు, ఈమె ఐదుగురికి భార్య, ధర్మరాజు ముందే తనను ఓడిపోయాడు, పైగా ఆమెను ఒడ్డమన్నది శకుని, కాబట్టి ఈమె ఓడలేదు అని వరుసగా చెప్పాడు. సభలో కొందరు మెచ్చుకున్నారు. కర్ణుడు లేచి, నువ్వు కుర్రవాడివి, నీకేం తెలుసని నోరు మూయించాడు. తర్వాత, బట్టలు విప్పమని దుశ్శాసనుడికి చెప్పిందీ ఆ కర్ణుడే. మన మిత్రుల్లో కర్ణుడి అభిమానులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అతని దానగుణానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఈ ఒక్క పుట మాత్రం చింపి పారేయలేం కదా.

వస్త్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆమె మొరపెట్టుకోగా కృష్ణుడు కాపాడాడని మనం భక్తితో చెప్పుకుంటాం. పుణే ప్రతి సభాపర్వంలో ఆ ప్రార్థన మూలంలో లేదు, చీరలు ఊరికే వస్తాయి. భక్తులకు ఇది కష్టంగా ఉండవచ్చు. నాకు మాత్రం, దిక్కులేక నిలబడిన మనిషి ధర్మమే తనను కాపాడిందన్నంత సూటిగా ఉన్న ఆ పాత పాఠం ఇంకా ఎక్కువగా వెన్ను జలదరింపజేసింది. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీలుస్తానని, తొడ చూపిన దుర్యోధనుడి తొడ విరుస్తానని శపథాలు చేశాడు. నక్కలు ఊళపెట్టాయి. అప్పుడు గాని ధృతరాష్ట్రుడికి భయం పుట్టలేదు. వరం కోరుకోమన్నాడు.

ఆమె మొదటి వరంగా ధర్మరాజు విడుదల కోరింది. తన కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకనకూడదని కారణం చెప్పింది. రెండో వరంగా మిగతా నలుగురినీ వారి రథాలతో, ధనుస్సులతో విడిపించింది. మూడోది కోరమంటే, క్షత్రియస్త్రీకి రెండు వరాలే తగునని ఆపేసింది. తన విడుదల కోరలేదు! చాలామంది దీన్ని త్యాగమంటారు. నాకలా తోచదు. విడిపించమని అడిగితే బానిసనయ్యానని ఒప్పుకున్నట్టే. జవాబు రాని ప్రశ్నను ఆమె అలాగే నిలబెట్టి సభలోంచి బయటికి నడిచింది. మునిగిపోతున్న పాండవులకు ఈమె పడవ అయిందని అన్నవాడు, ఎవరో కాదు, కర్ణుడే.

మళ్ళీ జూదం, పన్నెండేళ్ళ వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. అడవిలో ఆమె ధర్మరాజుతో చేసిన వాదన ద్వైతవనంలోని చలిరాత్రులకు వేడి పుట్టించేంతటిది. ఎప్పుడూ ఓర్పే పనికిరాదు, ఎప్పుడూ కోపమే పనికిరాదు, ఏ వేళకు ఏది తగునో అదే రాజధర్మమని బలి ప్రహ్లాదుల సంవాదం చెప్పి మరీ వాదించింది. ఇంత ధర్మపరుడికి ఇన్ని కష్టాలు పెట్టిన విధాత న్యాయాన్నే ప్రశ్నించింది. నాస్తికురాలిలా మాట్లాడుతున్నావన్నాడు ఆయన. ఆమె మాట మార్చి, విధి అని చేతులు ముడుచుకుంటే పొలం దున్నకుండా పంట కోరినట్టేనని మళ్ళీ అక్కడికే వచ్చింది. ఈ వనవాసంలోనే, దుస్సల మొగుడు జయద్రథుడు ఆమెను ఎత్తుకుపోబోయాడు. భీముడు పట్టి, తలను ఐదు పిలకలుగా గొరిగి, దాసుడినని ఒప్పించాడు. దుస్సల ముఖం చూసి ధర్మరాజు వదలమన్నాడు. ఆమె కూడా, దాసుడయ్యాడు కదా, విడిచిపెట్టమంది. సభలో తనకు దొరకనిది ఆమె తన్ను పట్టినవాడికి ఇచ్చింది.

విరాటపర్వం తెలుగువాళ్ళకు చెప్పాలా? తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టిందే అక్కడ. వానలు కురవకపోతే ఊరి గుళ్ళో విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో ఉండేది. 1963లో వచ్చిన నర్తనశాలలో సావిత్రిని చూసినవాళ్ళకు సైరంధ్రి అంటే ఆ ముఖమే. మహారాణి సుధేష్ణ దగ్గర గంధం తీసే పని. కీచకుడు వెంటపడి, నిండుసభలో తన్నాడు. అక్కడా ఒక రాజు, అక్కడా సభ, అక్కడా మారువేషంలో కూర్చుని చూసిన భర్త. మళ్ళీ ఆమె సభను ప్రశ్నించింది. మళ్ళీ జవాబు లేదు. ఈసారి ఆమె పెద్దలకోసం ఆగలేదు. ఆ రాత్రే వంటింట్లో పడుకున్న భీముణ్ణి లేపి, గంధం తీసి కాయలు కాచిన చేతులు చూపించింది. కీచకుడు నర్తనశాలలో ముద్దయ్యాడు.

పదమూడేళ్ళు గడిచి, రాయబారం మాట వచ్చింది. ఐదూళ్ళిచ్చినా చాలునన్నాడు ధర్మరాజు. భీముడే మెత్తబడ్డాడు! అప్పుడు ఆమె జుట్టు ఎడమచేత పట్టుకుని కృష్ణుడి ముందుకు వచ్చింది. సంధి మాటలాడేటప్పుడు దీన్ని మరిచిపోవద్దంది. వీళ్ళు యుద్ధం చేయకపోతే నా ముసలితండ్రి చేస్తాడు, అభిమన్యుణ్ణి ముందుంచుకుని నా ఐదుగురు కొడుకులు చేస్తారంది. తిక్కన ఈ ఘట్టం రాసినచోట చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. దుశ్శాసనుడి రక్తం పూసుకునేదాకా జడ వేయనని ఆమె శపథం పట్టిందన్న కథ మాత్రం వ్యాసుడిది కాదు. భట్టనారాయణుడి వేణీసంహార నాటకం, జానపదుల కథలు దాన్ని పెంచాయి. చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల గుళ్ళలో భారతం జరిగే రోజుల్లో మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేసి చంపుతారు. ద్రౌపదమ్మ పేర నిప్పుల గుండం తొక్కుతారు. మనం ఆమెను తప్పుపట్టే రచ్చబండలకు ఆ గుళ్ళు ఎంతో దూరంలో లేవు.

యుద్ధంలో ఆమె పోగొట్టుకున్నది ఎవరూ లెక్కపెట్టరు. తండ్రి ద్రుపదుడు ద్రోణుడి చేతిలో పోయాడు. పద్ధెనిమిదో రోజు రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్న శిబిరంలో దూరి ధృష్టద్యుమ్నుణ్ణి, శిఖండిని, ఐదుగురు కొడుకులను చంపేశాడు. ఉపప్లావ్యంనుంచి నకులుడు ఆమెను తీసుకొచ్చాడు. అశ్వత్థామ చావాలి, లేదా ఇక్కడే ప్రాయోపవేశం చేస్తానని కూర్చుంది. చివరకు అతని తలపై మణి తెచ్చి భీముడు చేతిలో పెట్టాడు. గురుపుత్రుడు గురువుతో సమానమని, మణిని ధర్మరాజు తలమీద పెట్టించి లేచింది. మన పోతన చెప్పిన కథ ఇంకొక దారిన పోతుంది. అందులో అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు పడేస్తే, నాలాగే వీడి తల్లి ఏడవకూడదని ఆమె విడిపిస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువని నన్నడిగితే, మణి అడిగిన తల్లిని నేను నమ్ముతాను, విడిచిపెట్టిన తల్లికి దండం పెడతాను.

స్త్రీపర్వంలో గాంధారి, ద్రౌపది ఎదురుపడతారు. నూరుగురిని పోగొట్టుకున్న అత్తగారు, ఐదుగురిని పోగొట్టుకున్న కోడలు. నేనెలాగో నీవూ అలాగే ఉన్నావు, మనల్ని ఓదార్చేవారెవరు, నా తప్పువల్లే ఈ వంశం పోయింది అంటుంది గాంధారి. ఇన్ని పర్వాల్లో తప్పు నాది అని నోటితో అన్న కౌరవ పెద్ద ఆమె. ఆనాడు ద్రౌపది పరుగెత్తింది ఆ గాంధారి ఉన్న వైపే. గెలిచిన రాజ్యం వద్దు, అడవికి పోతానని ధర్మరాజు కూర్చుంటే, దండం పట్టి రాజ్యం చెయ్యమని మందలించిందీ ద్రౌపదే.

ముప్ఫై ఆరేళ్ళు గడిచాక మహాప్రస్థానం. నారబట్టలు కట్టి ఐదుగురు అన్నదమ్ములు, ఆమె, వెనక ఒక కుక్క హిమాలయాలు దాటి మేరువు వైపు నడిచారు. అందరికన్నా ముందు ఆమె పడిపోయింది. ఏ అధర్మమూ చేయని ఈమె ఎందుకు పడిందని భీముడు అన్నను అడిగాడు. అర్జునుడి మీద ఆమెకు పక్షపాతం ఎక్కువ, దాని ఫలితమే ఇది అని ధర్మరాజు వెంటనే జవాబు చెప్పాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నడక ఆపలేదు. కొంతదూరం పోయాక సహదేవుడు పడిపోయాడు.